రేగుపండంత తల మీద తొంభై జడలు

గుర్నా, లక్సర్ ఎదుటి ఒడ్డు
9 జనవరి 1987

వదీద అక్కకి,

సలాములు. నువ్వు, నాదిరా, అల్లుడు కులాసా అని తలుస్తాను. క్షేమసమాచారాలు ఇంతటితో ఆపేస్తున్నాను, ఏమనుకోకు. చెప్పాల్సింది గొంతులో నిలవటం లేదు.

ఈ ఉత్తరం తెచ్చిన మనిషి చేతిలో ఒక బిస్కెట్ డబ్బా ఉంటుంది. ముందు అది తెరిచి, తర్వాత ఇది చదువు.

తెరిచావా? ఎలా ఉంది?

డబ్బాలో ఆవిడెవరో నీకు తెలుసు. నాన్న కావలి కాసిన పాత రాజుల కాలపు సమాధిలో కుడిగోడ బొమ్మల్లో విందులో కూర్చున్న ఆడవాళ్ళున్నారే, వాళ్ళలో మూడో ఆవిడ. చిన్నప్పుడు మనిద్దరం ఆవిడ ముందు నిలబడి, ఆ జుట్టు సొంతమా సవరమా అని పోట్లాడుకునేవాళ్ళం. సొంతమని నువ్వు, సవరమని నేను. అది సవరమే అక్కా. తల మొత్తానికీ తొడిగే సవరం.

పోయిన నెల రేవు దగ్గర ఒక దుకాణంలో ప్లాస్టిక్ బొమ్మ చూశాను. మెడలో కాగితం ముక్క, దాని మీద 'ఈజిప్టు రాణి' అని రాత. తల మీద నల్ల గిన్నె బోర్లించినట్టుంది. నాకు కడుపు మండిపోయింది. ఇరవయ్యేళ్ళుగా ఈ ఊరి పెళ్ళికూతుళ్ళ తలలు దువ్వుతున్నాను. జుట్టు అలా ఉండదని నాకు తెలియదూ? ఇంటికొచ్చి మా ఆయనతో అన్నాను, "షాజ్లీ, యాత్రికులకి రాతి పిల్లులు చెక్కింది చాలు గానీ, నాకు అర జానెడు ఆడమనిషిని చెక్కిపెట్టు. కర్రతో."

"తల ఎంత ఉండాలి?"

"రేగుపండంత."

"అంత తలకి జుట్టు దువ్వుతావా? ఈగలకి కూడా జడలేస్తావేమో ఇకమీదట!"

నవ్వాడు గానీ చెక్కాడు. ఆ ముక్కు చూడు, ఎంత చక్కగా తీశాడో.

జుట్టు దగ్గరే నా ప్రాణం పోయింది. గొర్రె ఉన్ని పెడితే ఉబ్బిపోయి పిచ్చిదానిలా తయారైంది. మనిషి వెంట్రుక అంత చిన్న తల మీద పలుపుతాడులా ఉంది. ఇప్పుడు నువ్వు చూస్తున్నది మేకపిల్ల పొట్ట మీది బొచ్చు. అదీ లావే. నువ్వు మ్యూజియంలో పాత గుడ్డలు కుడతావు కదా, కంటికి కనపడని దారమేదో వాడతామన్నావు ఒకసారి. అది దొరుకుతుందా? దొరికితే ఈ జడలు ముప్ఫై కాదు, తొంభై వేస్తాను!

నీ చెల్లెలు
ఇన్షిరాహ్

*

షుబ్రా, కైరో
28 జనవరి 1987

చెల్లీ ఇన్షిరాహ్‌కి,

డబ్బా తెరిచి, ఆవిణ్ణి చేతిలోకి తీసుకుని, వంటింట్లోనే కింద కూర్చుండిపోయాను. పొయ్యి మీద మొలోఖియా ఆకుకూర అడుగంటింది. సవరమే, ఒప్పుకుంటున్నాను. ముప్ఫై ఏళ్ళ తర్వాత నువ్వే గెలిచావు.

మర్నాడు చేతిసంచిలో పెట్టుకుని ఆఫీసుకి తీసుకెళ్ళాను. మా గదిలో అందరూ కుట్టుపని ఆపేశారు. ఆ కబురు పై అంతస్తుకి పోయి, మధ్యాహ్నానికల్లా మేడమ్ ఇస్మత్ స్వయంగా దిగొచ్చింది. మ్యూజియం చూడవచ్చే పిల్లల కోసం ఆవిడ కొత్త గది ఒకటి సిద్ధం చేస్తోంది. బొమ్మని వెనక్కి తిప్పింది, ముందుకి తిప్పింది. "ఇలాంటివి పన్నెండు కావాలి. మొదటి రాజుల కాలం నుంచి చివరిదాకా, ఒక్కో కాలానికి ఒక్కో తల" అంది. పన్నెండు! ఏప్రిల్ తొమ్మిదిన మ్యూజియం సంఘం కూర్చుంటుంది. వాళ్ళు సరేనంటే మన బొమ్మలు అద్దాల బీరువాలో ఉంటాయి.

ఉడకబెట్టని పట్టుపోగు పంపుతున్నాను. జిగురు పోలేదు కాబట్టి మెరవదు. వెంట్రుకలో నాలుగోవంతు ఉంటుంది. రంగు నువ్వే వేసుకోవాలి. తలకట్లన్నీ అసలు శిల్పాల ముందు కూర్చుని గీశాను, నాలుగు వైపుల నుంచీ. ఒకావిడని చూడు, సవరం కింద నుంచి నుదుటి మీద సొంత జుట్టు ఒక వేలెడు కనిపిస్తుంది. అది మర్చిపోకు.

పదకొండోది పూజారి. వాళ్ళు గుండు చేయించుకునేవాళ్ళు. ఆ బొమ్మకి నీతో పని లేదు, షాజ్లీ ఒక్కడు చాలు.

ఒకటే చిక్కు. సవరాల మీద పుస్తకం రాసిన డాక్టర్ వహ్బీ అని ఒకాయన సంఘంలో ఉన్నారు. పాయల్ని నెత్తి మీది వలకి ముడులేసి కట్టేవారని ఆయన రాశారు. మనం కూడా ముడులే వేస్తే గొడవ ఉండదు.

నీ అక్క
వదీద

*

గుర్నా
20 ఫిబ్రవరి 1987

అక్కా,

ఆయన రాసింది తప్పు!

కోప్పడకు. ముందు రంగు సంగతి. దానిమ్మ తొక్కలు ఉడకబెట్టి, అందులో షాజ్లీ తుప్పు మేకులు గుప్పెడు వేసి, నీ పట్టు మూడు రోజులు నానేశాను. తీస్తే ఏముందనుకున్నావు! కాకి రెక్కే. ఎండలో పెడితే లోపల ఎక్కడో కొంచెం ఎరుపు. అచ్చం మన ఊరి ఆడపిల్లల జుట్టు. పట్టుకుని గంతులేస్తుంటే పక్కింటావిడ గోడ మీంచి తొంగి చూసి, "కొడుకు పుట్టాడా ఏమిటి?" అంది. నలభై రెండేళ్ళ దాన్ని!

ఆరు తలలు అయిపోయాయి. చిన్నపిల్లకి ఒక్క చెవి పక్కనే జడ, మిగతా అంతా నున్నగా. రెండు పెద్ద చుట్టలు భుజాల మీద వాలే ఆవిడకి చుట్టల లోపల ఈతపీచు కూరాను, లేకపోతే నిలబడటం లేదు. నుదుటి మీద సొంత జుట్టు కనిపించే ఆవిణ్ణి చేసిన రోజు నాకు అన్నం సయించలేదు, అంత సంతోషం.

ఇక ముడుల సంగతి. డాక్టరుగారి మాట మీద గౌరవంతో ముడులే వేశాను. తొంభై ముడులు వేసేసరికి నెత్తి మీద శనగలు ఆరబోసినట్టయింది. గోడ మీది ఆవిడ తల గుడ్డులా నున్నగా ఉంటుంది కదా? పెద్ద సవరానికైనా అంతే, ముడి ముడే. వేసుకున్న మనిషికి గుచ్చుకుంటుంది. నా పెళ్ళికూతురికి అలా చేస్తే దువ్వెన లాక్కుని నన్నే కొడుతుంది.

రెండు వారాలు తిప్పలు పడ్డాను. నిన్న పొద్దున్న పెరట్లో పిండి కలిపి, రొట్టెలు ఎండలో పొంగటానికి పెట్టి, ఊరికే ఒక పాయ వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాను. పాయ తలని వల దారం మీదుగా మడిచి, కిందకి దించి, దాని పక్కనే పెట్టాను. అందులోంచే సన్నటి పోగు ఒకటి లాగి, ఆ రెండింటి చుట్టూ బిగించి చుట్టాను. మీద వేడి మైనం ఒక చుక్క. అంతే అక్కా! ముడి లేదు, బుడిపె లేదు. లాగి చూశాను, పట్టు తెగింది గానీ పాయ ఊడిరాలేదు. రొట్టెలు పొంగి పొర్లిపోయాయి, నేను చూడనే లేదు.

మీ డాక్టరుగారికి చెప్పు, గుర్నా మంగలామె ఇలా అంటోందని. ఏమంటారో రాయి. ఇంతకీ నా గురించి ఆయన ఏమన్నారు? మేడమ్ ఇస్మత్ ఏమంది? నీ ఉత్తరంలో అందరూ బొమ్మని మెచ్చుకున్నారు గానీ, చేసిందెవరని ఒక్కరూ అడగలేదా?

ఇన్షిరాహ్

*

షుబ్రా
14 మార్చి 1987

ఇన్షిరాహ్‌కి,

పని ఒత్తిడిలో ఉన్నాను, అందుకే ఆలస్యం. మిగతా బొమ్మలు అందాయి. చాలా బాగున్నాయి.

నువ్వు కనిపెట్టిన పద్ధతి డాక్టర్ వహ్బీకి చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు. అయితే కిందిగదిలో ఒక పూజారి గుండు మీద పెట్టుకున్న సవరం పెట్టెలో ఉంది, దాన్ని తెరిచి చూద్దామన్నారు. సంఘం కూర్చున్న రోజునే పెట్టె తెరుస్తారు. దానికి ముందు, బొమ్మలు చేసిన వాళ్ళు వాళ్ళందరి ఎదుట వలకి పాయ కట్టి చూపించాలట.

నువ్వు ఆ పద్ధతి వివరంగా, అంచెలంచెలుగా రాసి పంపగలవా? ఏ చేత్తో పట్టుకోవాలి, ఎన్ని చుట్లు, మైనం ఎంత వేడి ఉండాలి, అన్నీ. బొమ్మలు కూడా గీయి. త్వరగా పంపు.

నాదిరాకి నెలలు నిండుతున్నాయి. అలెగ్జాండ్రియాలో డాక్టరు ఏప్రిల్ చివర అన్నాడు.

వదీద

*

గుర్నా
22 మార్చి 1987

అక్కా,

అడిగావు కాబట్టి రాస్తున్నాను. పాయ కుడిచేత్తో పట్టుకో. వల దారం కింద ఎడమ చూపుడువేలు పెట్టు. మడత గోధుమగింజంత, అంతకు మించొద్దు. చుట్లు ఏడు. మైనం చేతికి తగిలితే అబ్బా అనాలి గానీ ఏడవకూడదు. మొదటి నలభై పాయలూ ఊడిపోతాయి. ఆ రోజు ఒకటి నిలిచింది గానీ, తర్వాత నావీ ఊడిపోయాయి. నీకు సూది పట్టే చెయ్యి కాబట్టి ముప్ఫై అనుకో.

ఇక నా మాట. నువ్వెందుకు నేర్చుకోవాలి?

చేసినవాళ్ళు చూపించాలని నువ్వే రాశావు. చేసింది నేను. రైలుంది, పగలంతా కూర్చుంటే కైరో వస్తుంది. నన్ను రమ్మని ఒక్క ముక్క రాయలేదేం? షాజ్లీతో అన్నాను. "మీ అక్క దగ్గర ఏదో ఉంది, నీకు చెప్పటం లేదు" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఒప్పుకోలేదని రాస్తున్నాను, చూశావా? నిజం చెప్పు.

ఇన్షిరాహ్

*

షుబ్రా
30 మార్చి 1987

ఇన్షిరాహ్,

షాజ్లీ అన్నది నిజం.

బొమ్మని ఆఫీసుకి తీసుకెళ్ళిన రోజున మేడమ్ ఇస్మత్ అడిగింది, "ఎవరు చేశారిది?" అని. నీ పేరు నాలుక చివరి దాకా వచ్చింది. గది నిండా జనం. పోయినేడు ఎవరో గుర్నా నుంచి ఒక పాత గుడ్డపేలిక అమ్మజూపితే, మా గదిలో ఒకాయన అన్నాడు, "గుర్నా వాళ్ళతో కరచాలనం చేస్తే తర్వాత వేళ్ళు లెక్కపెట్టుకోండి" అని. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను చెల్లీ. నేను ఆ ఊరి దాన్నేనని ఈ ఆఫీసులో ఇరవై రెండేళ్ళుగా ఎవరికీ తెలియదు. ఎవరైనా అడిగితే, "లక్సర్ వైపు" అంటాను.

అందుకని ఆ రోజు, "నేనే" అన్నాను.

ఆ మాట అన్నాక రెండు రోజులు, బొమ్మల్ని కాపాడటానికే అన్నానని నాకు నేను చెప్పుకున్నాను. గుర్నా పేరు వింటే సమాధుల దొంగలు, దొంగ విగ్రహాలు అంటారు, డబ్బా తెరవకుండానే వెనక్కి పంపేస్తారు అని. అది కొంత నిజం. కానీ వాళ్ళు నన్ను చూసి చప్పట్లు కొట్టినప్పుడు నాకు బాగుంది. అది కూడా నిజమే.

నువ్వు రాసినట్టు పాయలు కట్టి చూశాను. అరవై కట్టాను. అరవయ్యీ ఊడాయి. నా చేతులకి చినిగినదాన్ని కుట్టటం వచ్చు, లేనిదాన్ని పుట్టించటం రాదు.

నన్ను ఎంత తిట్టినా పడతాను. ఏం చెయ్యమంటావో చెప్పు.

వదీద

*

గుర్నా
3 ఏప్రిల్ 1987

వదీదకి,

నీ ఉత్తరం షాజ్లీకి చదివి వినిపించాను. ఉలి నూరుతూ అన్నాడు: "మనవాళ్ళు దొంగలని లోకం అంటుందని భయపడి, మనింట్లోనే దొంగతనం చేసిందన్నమాట మీ అక్క."

నాకు నవ్వొచ్చింది. ఆ వెంటనే ఏడుపొచ్చింది. ఇంక నిన్ను అక్కా అని రాయటానికి చెయ్యి రావటం లేదు.

ఎనిమిదో తారీఖు రైల్లో వస్తున్నాను. నా దువ్వెన, నా మైనం, నా వల తెచ్చుకుంటున్నాను. నువ్వు ఆ గదిలో ఉండి తీరాలి. నేను పని చేస్తుంటే నువ్వు చూడాలి.

ఇన్షిరాహ్

*

నీ ఇంట్లోంచే, షుబ్రా
9 ఏప్రిల్ 1987

అక్కా,

చూశావా, మళ్ళీ అక్కా అనేశాను. రాసింది కొట్టెయ్యను, ఉండనీ.

నిన్న నీ గుమ్మం ముందు తాళం చూసేసరికి నా ఒళ్ళు మండిపోయింది. పారిపోయావనుకున్నాను. మెట్లమీదే నిలబడి నిన్ను తిట్టిన తిట్లు మూడంతస్తుల వాళ్ళూ విన్నారు. మీ కాపలా మనిషి పరుగెత్తుకొచ్చాడు. "అమ్మా, అమ్మా, ఆగండి! అలెగ్జాండ్రియా నుంచి టెలిగ్రాం వచ్చింది, అమ్మాయిగారికి ముందుగానే నొప్పులొచ్చాయట. ఇదిగో తాళం. క్యాబేజీ చుట్టలు వండిపెట్టి వెళ్ళారు మీ కోసం" అన్నాడు. తిట్లన్నీ మింగి ఆ చుట్టలు తిన్నాను. ఉప్పు తక్కువైంది.

నాదిరా ఎలా ఉందో వెంటనే రాయి. ఇప్పుడు విను.

పొద్దున్న పదింటికి ఆ గదిలోకి వెళ్ళాను. పొడవాటి బల్ల, ఐదుగురు మనుషులు, బల్ల మీద మన పన్నెండుగురూ వరసగా. మేడమ్ ఇస్మత్ లేచి నిలబడి, "మొదట వదీద ఇచ్చి వెళ్ళిన కాగితం చదువుతాను" అంది. నాకేం తెలుసు నువ్వు కాగితం రాసి వెళ్ళావని! ఆవిడ గట్టిగా చదివింది. 'ఈ తలలు నా చెల్లెలు ఇన్షిరాహ్ దువ్వింది, బొమ్మలు ఆమె భర్త షాజ్లీ చెక్కాడు. నేను చేశానని అబద్ధం చెప్పాను. వాళ్ళది గుర్నా. నాదీ గుర్నాయే.' నేను నా వల సర్దుకుంటున్నట్టు తల దించుకున్నాను, కళ్ళు కనపడకుండా.

డాక్టర్ వహ్బీ పెద్దాయనే, ఎత్తుగా, దగ్గుతూ. "ఈ విద్య మీకు గుర్నాలో ఎవరు నేర్పారమ్మా?" అన్నారు. ఆ 'గుర్నా' అనటంలో ఏముందో నాకు తెలుసు.

"సమాధిలో నేర్చుకున్నానండీ. కాకపోతే మా నాన్న తాళం తీసి లోపలికి తీసుకెళ్ళాడు, గోడ పగలగొట్టి కాదు" అన్నాను.

మేడమ్ ఇస్మత్ నోటికి రుమాలు అడ్డం పెట్టుకుంది. ఆయన కూడా నవ్వారక్కా, ఏం చేస్తారు!

కూర్చుని పాయలు కట్టటం మొదలుపెట్టాను. మూడో పాయకి ఆ గది, ఆ మనుషులు అంతా మర్చిపోయాను. ఇరవై పాయలు కట్టి, వల ఆయన చేతిలో పెట్టి, "లాగండి" అన్నాను. లాగారు. ఇంకా గట్టిగా లాగారు. "ఇది గట్టిగానే ఉంది. కానీ గట్టిగా ఉన్నంత మాత్రాన వాళ్ళూ ఇలాగే చేశారని కాదు కదా" అన్నారు. న్యాయమైన మాటే.

అప్పుడు పెట్టె తెరిచారు.

అక్కా, నువ్వు రోజూ అలాంటివి చూస్తావు, నీకేం! నేను చూడటం ఇదే మొదలు. పైన సన్నటి ఉంగరాలు, కింద వందల జడలు, మైనంతో గట్టిపడి, నిన్నగాక మొన్న దువ్వి పక్కన పెట్టినట్టుంది. చేతులకి తొడుగులు వేసుకున్న ఒకమ్మాయి అంచు కొంచెం ఎత్తి పట్టుకుంది. డాక్టరుగారు భూతద్దం పెట్టి వంగారు. ఆయన లేవరు. ఎంతకీ లేవరు. చివరికి లేచి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, భూతద్దం నా చేతికి ఇచ్చారు.

"మడతే. ముడి కాదు. నా పుస్తకంలో ఆ పేజీ తప్పు" అన్నారు.

నేను గంతెయ్యలేదు. నీ మీద ఒట్టు, చాలా కష్టపడి ఆపుకున్నాను.

కానీ అసలు సంగతి ఇది కాదు. నేను కూడా వంగి చూశాను. వరసలన్నీ ఒకవైపుకి చుట్టి ఉన్నాయి, నేను చుట్టినట్టే. ఎడమ చెవి దగ్గర మాత్రం నాలుగు వరసలు రెండోవైపుకి తిరిగాయి. మళ్ళీ చూశాను. సందేహం లేదు. "ఇక్కడ ఇంకొకరు కూర్చున్నారండీ. ఇద్దరు కలిసి అల్లారు దీన్ని. ఈవిడది ఎడమచేతి వాటం" అన్నాను.

గదిలో అందరూ ఒక్కసారి మీద పడ్డారు చూడటానికి! డాక్టర్ వహ్బీ చిన్నపిల్లాడిలా, "ఎక్కడ? ఎక్కడ? చూపించండి!" అంటున్నారు. మూడు వేల ఏళ్ళ కిందటి ఆడమనుషులక్కా, పేరూ లేదు, ఊరూ తెలియదు. పక్కపక్కన కూర్చుని కబుర్లాడుకుంటూ అల్లి ఉంటారు, మోచేతులు తగులుతున్నాయని పోట్లాడుకుని ఉంటారు.

పన్నెండూ తీసుకున్నారు. ఆ నాలుగు వరసల సంగతి నా మాటల్లోనే రాసిమ్మన్నారు, అచ్చు వేస్తారట.

నీ మీద కోపం ఇంకా ఉంది. సగం. మిగతా సగం ఆ కాగితం చదువుతుంటే పోయింది. రేపు పొద్దున్నే బయల్దేరుతున్నాను. ఉప్పుడబ్బా నింపిపెట్టాను.

ఇన్షిరాహ్

*

అలెగ్జాండ్రియా
15 ఏప్రిల్ 1987

చెల్లీ,

ఆడపిల్ల. బుజ్జి పిల్ల, చేపపిల్లలా ఉంది. నాదిరా బాగుంది. తల నిండా జుట్టు ఉంది దీనికి, ఆచారం ప్రకారం ఏడో రోజు తీయించాలంటే నాకే బెంగగా ఉంది.

నీ ఉత్తరం ఆసుపత్రి బల్ల మీద కూర్చుని చదివాను. ఎడమచేతి వాటం దగ్గరికొచ్చేసరికి గట్టిగా అరిచాను. నర్సు వచ్చి, "ఏమైందమ్మా?" అంది. "నా చెల్లెలు! నా చెల్లెలు!" అంటున్నాను గానీ మాట ముందుకు సాగటం లేదు. పాపం, ఎవరో పోయారనుకుని నన్ను ఓదార్చింది.

మేడమ్ ఇస్మత్ ఉత్తరం రాసింది. నన్ను పిల్లల గది పని నుంచి తీసేశారు, కుట్టుగదిలో నా సూది మాత్రం నాకు ఉంచారు. సబబే. అద్దం పక్కన పెట్టే పలకలో ఏం రాయాలని అడిగింది. మీ ఇద్దరి పేర్లూ, ఊరి పేరూ రాయమన్నాను. నా పేరు ఎక్కడా ఉండదు.

ఆఫీసుకి వెళ్ళాక ఆ కరచాలనం మాట అన్నాయన ముందు నిలబడాలి. భయంగా ఉంది. తల ఎత్తుకునే వెళ్తాను.

ఆ మిగతా సగం కోపం ఎప్పుడు పోతుందో చెప్పు. కాచుకుని ఉంటాను.

వదీద

*

గుర్నా
11 జూన్ 1987

అక్కా,

మనవరాలికి నా ముద్దులు. జుట్టుకేం, గడ్డిలా మళ్ళీ మొలుస్తుంది.

ఉత్తరం ఆలస్యమైందంటే కారణం ఉంది. విను, విను! నావికుల వీధిలో జమాలాత్ లేదూ, పొగరుబోతు పిల్ల, దానికి పోయిన గురువారం పెళ్ళయింది. నెల ముందే వచ్చి నా గడప మీద కూర్చుంది.

"పిన్నీ, కైరోలో నువ్వు బొమ్మలకి వేశావట కదా, ఆ జడలు నాకు కావాలి."

"ఒసేయ్, అది రేగుపండంత తల. నీది గుమ్మడికాయ. పొద్దంతా పడుతుంది."

"పట్టనీ."

తెల్లారగానే మొదలుపెట్టాను. ఇద్దరమ్మాయిల్ని పాయలు పట్టుకోమన్నాను. పొద్దువాలి అస్ర్ నమాజు పిలుపు వినపడేటప్పటికి నూట యాభై జడలు! కొసల్లో చిన్న నీలిపూసలు. నుదుటి మీద పట్టీ, చెవుల మీదుగా రెండు పాయలు ముందుకి. ఇస్నా నుంచి వచ్చిన అత్తగారు చూసి మొహం చిట్లించింది.

"ఇదేం వేషం? చచ్చిపోయిన రాణుల వేషం!"

జమాలాత్ అద్దంలోంచి కళ్ళు తిప్పకుండా అంది, "మా ఊళ్ళో ఆడవాళ్ళు ఇలాగే దువ్వుకునేవాళ్ళత్తా, మీ ఊరు పుట్టకముందు."

గదంతా గొల్లున నవ్వింది. అత్తగారు కూడా మూతి బిగించి, చివరికి ఆపుకోలేక నవ్వేసింది. ఆ పిల్ల ఎండలోకి నడిచి వెళ్తుంటే నూట యాభై జడలూ ఒక్కసారి ఊగి, పూసలు గలగలమన్నాయి. అరుగుల మీది ముసలమ్మలు నాలుక తిప్పుతూ సంతోషపు కేకలు, జగరూతలు ఎత్తుకున్నారు. షాజ్లీ ఉలి పడేసి బయటికొచ్చి నోరు తెరుచుకుని నిలబడ్డాడు. గోడ మీది మూడో ఆవిడ దిగొచ్చి మా వీధిలో నడుస్తున్నట్టుందక్కా. బొమ్మ మెడ కదలదు. దీని మెడ కదులుతోంది!

ఆ రోజు నుంచి నాకు తీరిక లేదు. ఈ నెలలో ఐదు పెళ్ళిళ్ళు, ఐదుగురికీ అదే తల కావాలట. ఇప్పుడు కూడా గుమ్మంలో నలుగురు కూర్చుని, ఎంతసేపు రాస్తావని సణుగుతున్నారు.

కోపం సంగతి అడిగావు. వెతికాను, కనపడలేదు. ఈ హడావిడిలో ఎక్కడో పడేసుకున్నాను.

నీకు సెలవులు రాగానే రా. పైగదికి సున్నం వేయించాను. పాయ కట్టటం నీకు రాకపోయినా ఫరవాలేదు, మూడు పాయల జడ వచ్చుగా? కానుకలేవీ మోసుకురాకు. రెండు చేతులూ ఖాళీగా ఉంచుకుని రా, దువ్వెన పట్టాలి.

ఇన్షిరాహ్